మన కథ

గురువారం గురువారం బరంపురం నుంచి డాక్టరమ్మ వస్తుంది.
పర్లాకిమిడి ఆసుపత్రి, పదకొండో నంబరు గది.
తలుపు మీద ఒడియాలో రెండు మాటలు:
మన కథా.
మనసులో మాట అని వాళ్ళ అర్థం.
అక్షరాలు కూడబలుక్కుని నేర్చినదాన్ని,
మొదటిరోజు అచ్చ తెలుగులో చదివేశాను,
మన కథ అని.
ఎవరూ దిద్దలేదు.

నా పని అటుమాట ఇటు, ఇటుమాట అటు.
జీతం మాత్రం స్వీపరు లెక్కలో.
ఇతిశ్రీ పాఢీ అడుగుతుంది:
నిద్ర పడుతోందా, చెవిలో ఎవరైనా మాట్లాడుతున్నారా.
మెళియాపుట్టి నుంచి గీత దాటి వచ్చినామె
"ఏటోనమ్మా, గుండికాయలో ఉలవలు ఏగుతున్నట్టుంటాది" అంటుంది.
ఉలవలకి ఒడియాలో మాట ఉంది, కొలొథ.
వేగడానికీ ఉంది.
రెండూ కలిపితే మాత్రం డాక్టరమ్మ పెన్ను ఆగిపోతుంది.
"ఆందోళన" అని చెప్పేస్తాను.
రాసుకుంటుంది.
ఉలవలు నా దగ్గర మిగిలిపోతాయి.

ఓ మధ్యాహ్నం పఖాళ తింటూ చెప్పింది:
ఎక్కడో చలిదేశంలో ఒక గడ్డపాయన
మనుషుల్ని సోఫా మీద పడుకోబెట్టి
తలవైపు, కనపడకుండా కూర్చుని
ఏళ్ళ తరబడి వినేవాడట.
నవ్వొచ్చింది నాకు.
మాకున్నది ఒకటే బల్ల, అదీ కుంటిది,
ఒకరు పడుకుంటే ముగ్గురు లేవాలి.
"వింటే తగ్గేదా?" అన్నాను.
"కొందరికి" అంది, ఉల్లిపాయ కొరుకుతూ.

కొండ దిగి వచ్చిన సొంబారి ముసలిది
కొడుకు పోయాక అన్నం మానేసింది.
వాళ్ళ సవరల్లో వెనక చచ్చినోళ్ళు వచ్చి కూర్చునేవారట,
పూనినామె నోటితో మాట్లాడేవారట.
ఎందుకెళ్ళిపోయావురా, అప్పెవడు తీరుస్తాడని
బతికినోళ్ళు తగువాడితే
చచ్చినోళ్ళు ఏడ్చేవారట, బదులు చెప్పేవారట,
తెల్లవార్లూ.
"ఈయమ్మ ఒక్కత్తే అడుగుతాది.
మాకాడ చచ్చినోడూ అడుగుతాడు."
ఇది మాత్రం అక్షరం వదలకుండా అటు చేర్చాను.
డాక్టరమ్మ చాలాసేపు కిటికీవైపు చూసింది.
ఆవేళ మాత్ర మార్చలేదు.

స్టోరు గదిలో చెదలు తినగా మిగిలిన రిజిస్టరొకటుంది,
మద్రాసు కాలానిది.
పేడాడ సన్నాసమ్మ. వయసు ఇరవయ్యారు, సుమారు.
పిచ్చికి కారణం అన్న గడిలో
మిగతావాళ్ళకి జ్వరం, గంజాయి, ఎండదెబ్బ, కాన్పు.
ఈమెకి ఖాళీ.
చిన్నరైల్లో నౌపడా దాకా, అక్కణ్ణించి వాల్తేరు.
కాపలా ఇద్దరు, గొలుసు ఒకటి,
ఖర్చు మూడు రూపాయల పదకొండణాలు.

ఆమె అక్కడుండగానే ఇక్కడ రాష్ట్రం మారింది.
మహేంద్రగిరి అటు పడింది, దాని నీడ ఇటు పడింది.
రిజిస్టరులోనే అంటించిన ఉత్తరం:
నిమ్మళించింది, తీసుకుపోగలరు.
కింద వేరే చేతిరాత:
ఈ మనిషి మా జాబితాలో లేదు.
పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు.
ఈసారి ఆ మాట అన్నది రోగి కాదు.

గొలుసు తర్వాత కరెంటు వచ్చింది,
కరెంటు తర్వాత సూది, ఇప్పుడీ తెల్ల మాత్ర.
మాత్ర మంచిదే, కాదనను.
మెళియాపుట్టి ఆమె మొన్న జడ వేసుకొచ్చింది.
కానీ ఆ ఖాళీ గడి
రాత్రిళ్ళు నా కళ్ళ ముందే తెరుచుకుని ఉంటుంది.

పోయిన గురువారం చివరి రోగి వెళ్ళాక
నేనే ఆ కుంటిబల్ల మీద కూర్చున్నాను.
ఒడియాలో, తప్పులతో, చెప్పాను:
గుండెలో కొలొథ వేగుతోంది.
"ఎవరికి?" అంది.
సన్నాసమ్మ పేరు నోటిదాకా వచ్చింది.
దాని వెనకే ఇంకెన్నో పేర్లు,
అన్నిటికీ వెనక, తోసుకోవడం చేతకాక, నాది.
బయట డ్రైవరు హారను కొడుతున్నాడు,
గుణుపురం రైలుకి గేటు పడిపోద్దని.
ఆమె పెన్నుకి మూత పెట్టలేదు.